రక్షణ సాధనమును గుర్తింపని పరీక్షా సాఫ్టువేరు

జ్వరముతో వచ్చిన రోగిని వైద్యుడు అడుగు మొదటి ప్రశ్న "ఏమి బాధ?" అని. రెండవ ప్రశ్న "ఇంతకుముందే ఏదైన మందు వాడుచున్నావా?" అని. ఈ రెండవ ప్రశ్న అడుగని వైద్యుని యొద్దకు తెలిసినవారెవరును రెండవసారి పోరు. రోగి శరీరమున కనబడు దద్దురు జ్వరము వలన వచ్చినదో, జ్వరమునకు వాడిన మందు వలన వచ్చినదో తెలియవలెనన్న ఆ ప్రశ్న తప్పనిసరి. కంప్యూటరుల రుగ్మతలను పరీక్షించుటకు ఏర్పడిన సాఫ్టువేరులో పెక్కు ఈ రెండవ ప్రశ్నను సగమే అడుగుచున్నవి. యాంటీవైరస్ ఉన్నదా, ఫైర్‌వాల్ ఉన్నదా అని విచారించి అంతటితో ఊరకుండును. ఆ రెండు జాతులకును చెందని కొత్త రక్షణ సాధనమొకటి యంత్రములో ఉన్నచో దానిని చూడవు. ఈ లోపము చిన్నదిగా కనబడును గాని, దాని వలన కలుగు చిక్కు చిన్నది కాదు. దానిని గూర్చి కొంత విమర్శ చేయుటయే ఈ వ్యాసము ఉద్దేశము.

పరీక్షా సాఫ్టువేరు అనగా వైరస్‌ను చంపునది కాదు. యంత్రములో ఏ ప్రోగ్రాములు నడచుచున్నవి, కంప్యూటరు తెరవగానే ఏవి తమంతట తాము మొదలగుచున్నవి, బ్రౌజరుకు ఏ తోకలు తగిలించబడినవి అను సంగతులను ఒక పట్టికగా వ్రాసి చేతికిచ్చునది మాత్రమే. ఈ జాతిలో ఒకప్పుడు మిక్కిలి ప్రసిద్ధి గాంచినది 'హైజాక్‌దిస్'. దీనిని నెదర్లాండ్స్‌కు చెందిన మెరైన్ బెలెకామ్ అను యువకుడు తాను విద్యార్థిగా ఉన్న దినములలో తయారుచేసెను. 2007లో ట్రెండ్ మైక్రో సంస్థ దీనిని కొనినది. 2012లో దాని మూలరచనను అందరికిని తెరచియిచ్చినది. ఇది ఇచ్చు పట్టికలో ప్రతి పంక్తికిని ఒక గుర్తు ఉండును. ఓ-4 అనిన తమంతట తాము మొదలగు ప్రోగ్రాములు, ఓ-23 అనిన విండోస్ సర్వీసులు, ఈ విధముగా. మంచిదేదో చెడ్డదేదో ఇది తీర్పు చెప్పదు. తీర్పు చదువువారిది. ఈ వినయమే దాని గొప్పతనమని నా అభిప్రాయము. ఎక్సరే యంత్రము ఎముక విరిగినదని కేకవేయదు. చిత్రమును మాత్రము ఇచ్చును.

అయితే ఎక్సరేలో ఎముకలే కనబడును, నరములు కనబడవు. హైజాక్‌దిస్ పట్టికలోను అంతే. దొంగ ప్రోగ్రాములు దాగు చోట్లు ఏవని దాని కర్త ఆనాడు ఎరిగియుండెనో ఆ చోట్లనే అది వెదకును. రక్షణ సాధనములు దాగు చోట్లను వెదకవలెనన్న ఆలోచన దానికి లేదు. యాంటీవైరస్‌లు ఎట్లును సర్వీసుల రూపమున నడచును గనుక ఓ-23 పంక్తులలో తమంతట తామే బయటపడును. ఆ విధముగా బయటపడని సాధనము రానంతవరకు ఈ లోటు ఎవరికిని తెలియలేదు.

అట్టి సాధనము 2009లో వచ్చినది. మైక్రోసాఫ్ట్ సంస్థ దానిని ఉచితముగా విడుదల చేసినది. పేరు కొంచెము పొడుగు: 'ఎన్‌హాన్స్‌డ్ మిటిగేషన్ ఎక్స్‌పీరియన్స్ టూల్‌కిట్'. అందరును దానిని 'ఎమెట్' అని పిలిచిరి. మనమును అట్లే పిలుతము. ఇది వైరస్‌ల పేర్లు తెలిసిన సాధనము కాదు. ఏ వైరస్‌ను ఇది గుర్తుపట్టదు. ఒక ప్రోగ్రాములో లోపము ఉన్నపుడు ఆ లోపమును పట్టుకొని శత్రువు లోనికి జొరబడుటకు కొన్ని తెలిసిన పద్ధతులున్నవి. ఆ పద్ధతులు పారకుండ చేయుటయే దీని పని. ఇంటిలోనికి వచ్చినవాడు దొంగయా దొరయా అని ముఖము చూచి చెప్పు కావలివాడు యాంటీవైరస్. ఎవడైనను గోడ దూకలేకుండ గాజుపెంకులు నాటువాడు ఎమెట్.

ఆ గాజుపెంకులలో రెండు మూడింటిని వివరించిన విషయము స్పష్టమగును. కంప్యూటరు స్మృతిలో కొన్ని పుటలు సమాచారమునకు, కొన్ని ఆజ్ఞలకు కేటాయింపబడి ఉండును. శత్రువు సమాచారపు పుటలో ఆజ్ఞలను వ్రాసి వానిని నడిపింపజూచును. సమాచారపు పుటలో ఉన్నదేదియు ఆజ్ఞగా నడవరాదను నియమము 'డెప్' అనబడును. ఇది 2004లో విండోస్ ఎక్స్‌పీ రెండవ సర్వీస్ ప్యాకుతో వచ్చినది. రెండవది 'ఏఎస్‌ఎల్‌ఆర్'. ప్రోగ్రాము భాగములు స్మృతిలో ప్రతిసారి ఒకే చిరునామాలో ఉన్నచో శత్రువునకు దారి తెలిసిపోవును. కావున ఆ చిరునామాలను మార్చుచుండుట దీని పద్ధతి. విండోస్ విస్టాతో ఇది వచ్చినది. కాని పాత ప్రోగ్రాములు ఈ నియమములను స్వయముగా కోరుకొనలేదు. వాని తరఫున యజమానియే కోరుకొను వీలును ఎమెట్ కల్పించినది. దాని ముఖ్యోపయోగము ఇదియే.

మూడవది మన కథకు ముఖ్యము. లోనికి వచ్చిన దొంగ ఆజ్ఞలకు విండోస్ చేయు పనుల చిరునామాలు కావలెను. అవి కొన్ని ముఖ్యమైన ఫైళ్లలోని ఒక పట్టికలో ఉండును. ఎమెట్ ఆ పట్టిక మీద ప్రాసెసరులోని ప్రత్యేకమైన రిజిస్టర్ల సహాయముతో కాపు పెట్టును. పట్టికను చదువుచున్నది నమ్మదగిన భాగమేనా అని చూచి, కాదని తోచిన ఆ ప్రోగ్రామును అక్కడికక్కడే ఆపివేయును. ఈ కాపునకు 'ఈఏఎఫ్' అని పేరు. చాల తెలివైన ఏర్పాటు. కాని నిర్దోషులైన కొన్ని ప్రోగ్రాములును ఈ కాపునకు చిక్కినవి. మైక్రోసాఫ్ట్ వారు తామే ప్రకటించిన జాబితాలో 7-జిప్, స్కైప్ మొదలైన సుపరిచిత ప్రోగ్రాములకు ఈఏఎఫ్ సరిపడదని వ్రాసిరి.

ఇక్కడ నా స్వంత అనుభవము ఒకటి చెప్పుటకు పాఠకులు అనుమతింతురని తలచెదను. 2012 ప్రాంతమున నేను ఎం.ఎస్‌సి. చదువుచుంటిని. మా విభాగపు ప్రయోగశాలలోని కంప్యూటరులలో రెండింట 7-జిప్ తెరువబోగానే మూతపడుచుండెను. కొలతల ఫైళ్లన్నియు అందులోనే కుదించి దాచుకొంటిమి. ప్రయోగ పుస్తకము సమర్పించుటకు గడువు నాలుగు దినములు. వైరస్ పట్టినదని అందరమును నిశ్చయించితిమి. ఆ రోజులలో కంప్యూటరు ఏమి చేసినను వైరస్ అనుట మా ఆచారము. హైజాక్‌దిస్ పట్టిక తీసి పంక్తి పంక్తి చదివితిమి. ఏమియు దొరకలేదు. ఏమియు దొరకకపోవుటయే మహా ప్రమాదకరమైన వైరస్‌కు లక్షణమని ఒక మిత్రుడు వాదించెను! విండోస్‌ను తుడిచి తిరిగి ఎక్కించుటకు సిద్ధపడితిమి. అప్పుడు పరిశోధక విద్యార్థి ఒకరు వచ్చి 'ప్రాసెస్ ఎక్స్‌ప్లోరర్' అను సాధనముతో, ప్రోగ్రాము మూతపడులోపల దానిలోనికి ఏయే ఫైళ్లు ఎక్కుచున్నవో చూపించిరి. వానిలో 'ఎమెట్ డీఎల్‌ఎల్' అను ఫైలు ఉన్నది. ఆ రెండు కంప్యూటరులకు అంతకుముందు వారము ఎవరో శ్రద్ధగల వ్యక్తి ఎమెట్ పెట్టి, తనకు తోచిన ప్రోగ్రాములన్నింటికి అన్ని కాపులను తగిలించి, ఎవరికిని చెప్పక పోయినాడు. 7-జిప్‌కు ఈఏఎఫ్ ఒక్కటి తీసివేయగా ఫైళ్లు తెరచుకొనినవి. పోయినవి రెండున్నర దినములు.

ఇందులో ఎవరి తప్పు ఎంత? ఎమెట్ పెట్టినవారు చెప్పియుండవలసినది. మేము ప్రోగ్రాముల జాబితాను కంట్రోల్ ప్యానెల్‌లో చూచియుండవలసినది. చూచినను ఆ పేరు మాకేమియు చెప్పియుండదనుట వేరు సంగతి. ఇవి మనుష్యుల తప్పులు. కాని పరీక్షా సాఫ్టువేరు తప్పు మరియొకటి ఉన్నది. ఆనాటి ఎమెట్ 2.1 లో వెనుక నడచు ప్రోగ్రాము ఏదియు లేదు, సర్వీసు లేదు. పాత ప్రోగ్రాములను కొత్త విండోస్‌తో సర్దిపెట్టుటకు ఏర్పడిన ఒక దారి గుండ అది ఎంపికచేసిన ప్రోగ్రాములోనికి మాత్రమే ఎక్కుచుండెను. ఎక్కిన ప్రోగ్రాము మూతపడగానే తానును మాయమగుచుండెను. నడచుచున్నవాని జాబితాలోను, తమంతట తాము మొదలగువాని జాబితాలోను చూచు సాఫ్టువేరునకు అది కనబడు మార్గమే లేదు. తరువాత 2012లోనే వచ్చిన మూడవ రూపములో ఒక సూచిక ప్రోగ్రాము చేర్చబడినది. అప్పటినుండి కొంత జాడ తెలియవచ్చినది. కాని జాడ తెలియుట వేరు, "ఈ యంత్రమున ఎమెట్ ఉన్నది, ఈ ఈ ప్రోగ్రాములకు ఈ ఈ కాపులు పెట్టియున్నది" అని పట్టిక చెప్పుట వేరు. రెండవదే కావలసినది. ఇది కష్టమైన పని కాదు. ఎమెట్ తన అమరికలను రిజిస్ట్రీలో తన పేరుతోనే ఉంచుకొనెను. అక్కడ చూచి నాలుగు పంక్తులు చేర్చిన చాలును.

ఈ నాలుగు పంక్తులు చేర్చుట అనవసరమని కొందరు వాదించిరి, ఇప్పటికిని వాదింతురు. "పరీక్షా సాఫ్టువేరు పని శత్రువును వెదకుట, మిత్రులను లెక్కించుట కాదు" అని వారి మాట. మరికొందరు "రక్షణ సాధనముల జాబితాను బయట పెట్టిన శత్రువునకు తెలిసిపోవును" అందురు. ఈ రెండవ వాదమునకు 2014 ఫిబ్రవరిలో జరిగిన సంఘటన చాలిన సమాధానము. అమెరికాలోని మాజీ సైనికుల సంఘము ఒకదాని వెబ్‌సైటులో శత్రువులు తమ ఆజ్ఞలను చొప్పించి, ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ లోపము ద్వారా దానిని చూడవచ్చిన వారి యంత్రములలో ప్రవేశింపజూచిరి. ఫైర్‌ఐ సంస్థ దీనిని కనుగొని 'ఆపరేషన్ స్నోమాన్' అని పేరు పెట్టినది. ఆ దొంగ ఆజ్ఞలు మొట్టమొదట చేసిన పని ఏమి? యంత్రములో ఎమెట్ ఫైలు ఉన్నదా అని చూచుట. ఉన్నచో ఏ అల్లరియు చేయక వెనుకకు పోవుట! అనగా, పరీక్షా సాఫ్టువేరు కర్తలు ఎమెట్‌ను గుర్తింపవలెనా వద్దా అని ఆలోచించుచుండగనే దొంగలు గుర్తించుట మొదలుపెట్టిరి. శత్రువు చూడగల దానిని వైద్యుని కంటికి మాత్రము దాచుట ఏమి రక్షణయో నాకు బోధపడలేదు.

మొదటి వాదము ఇంతకంటె గట్టిది కాదు. మిత్రుడు చేసిన గాయమును శత్రువు చేసినదిగా భావించినచో చికిత్స తారుమారగును. 2024 జులై 19న క్రౌడ్‌స్ట్రైక్ సంస్థ తన రక్షణ సాధనమునకు పంపిన దోషయుక్తమైన మార్పు వలన ప్రపంచమందంతట సుమారు 85 లక్షల విండోస్ యంత్రములు నిలిచిపోయినవి. అది శత్రువుల దాడి కాదని త్వరలోనే తెలిసినదన్న, నిలిచిన యంత్రములలో అనేకముల నీలితెర మీద ఆ సాధనపు ఫైలు పేరే కనబడుట ఒక కారణము. పేరు చెప్పుట ఎంత ఉపకారమో దీనివలన ఊహింపవచ్చును.

అయితే ఎట్లు గుర్తింపవలెను అను ప్రశ్నకు సమాధానము అంత సులభము కాదు. ఇక్కడనే పరీక్షా సాఫ్టువేరును మెచ్చుకొనువారితో కూడ నాకు అభిప్రాయభేదము కలదు. 2004లో విండోస్ ఎక్స్‌పీ రెండవ సర్వీస్ ప్యాకుతో 'సెక్యూరిటీ సెంటర్' అను భాగము వచ్చినది. ఫైర్‌వాల్, విండోస్ మార్పులు, యాంటీవైరస్ అను మూడింటిని ఇది గమనించును. యాంటీవైరస్ సంగతి ఎట్లు తెలిసికొనును? ఆ యాంటీవైరస్ వచ్చి "నేను ఉన్నాను, మేలుకొని ఉన్నాను" అని తన పేరు నమోదు చేయించుకొనవలెను. బడిలో హాజరు పిలిచినట్లు. ఎమెట్ వంటి సాధనమునకు ఈ హాజరు పట్టీలో గడియే లేదు. అది ఒక లోపము. ఎవడైనను వచ్చి మరియొకని పేరుకు "ఉన్నాను సార్" అనవచ్చును. అది రెండవ లోపము. ఉపాధ్యాయులైన పాఠకులకు దీనిని విశేషించి చెప్పనవసరము లేదు.

ఇది ఊహ కాదు. కొత్త విండోస్‌లో వేరొక యాంటీవైరస్ నమోదైనచో విండోస్‌తో వచ్చు 'డిఫెండర్' తనంతట తాను తప్పుకొనును. రెండు యాంటీవైరస్‌లు ఒకేచోట కలియబడకుండుటకు ఈ ఏర్పాటు. 2025లో 'డిఫెండ్‌నాట్' అను ప్రోగ్రాము ఒకటి బయటకు వచ్చినది. దాని లోపల యాంటీవైరస్ ఏమియు లేదు. లేని యాంటీవైరస్‌ను సెక్యూరిటీ సెంటర్‌లో నమోదు చేయించి డిఫెండర్‌ను పక్కకు తప్పించుటయే దాని పని. పరిశోధన కొరకు చేసితిమని దాని కర్త చెప్పుకొనిననేమి, హాజరు పట్టీ మీద ఆధారపడు పరీక్ష ఎంత బలహీనమో దానితో వెల్లడియైనది.

పేర్ల జాబితాను దగ్గర పెట్టుకొని గుర్తించుట మరియొక మార్గము. ఇదియు కుంటిదే. జాబితా వ్రాసిన మరునాటి నుండియే పాతబడును. పైగా పేరు నమ్మదగినది కాదు. 2008 ప్రాంతమున 'విన్‌ఫిక్సర్' మొదలైన పేర్లతో దొంగ రక్షణ సాధనములు లోకమును ముంచినవి. లేని వైరస్‌లను ఉన్నట్లు చూపించి, వానిని తొలగించుటకు డబ్బు గుంజుట వాని వృత్తి. ఆ ఏడాది డిసెంబరులో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ వానిని అమ్మినవారి మీద న్యాయస్థానమునకు పోయినది. ముఖము మీద 'రక్షణ' అని వ్రాసుకొనిన ప్రతిదానిని రక్షణ సాధనముల గడిలో చేర్చు సాఫ్టువేరు రోగికి విషమునే మందని చెప్పునట్టిది.

2018 జనవరిలో జరిగినది ఈ విషయమున ఇంకను విచిత్రమైనది. ప్రాసెసరులలోని 'మెల్ట్‌డౌన్' లోపమును కప్పుటకు మైక్రోసాఫ్ట్ అత్యవసరముగా మార్పులు విడుదల చేసినది. కొన్ని యాంటీవైరస్‌లు విండోస్ అంతర్భాగమైన స్మృతిని అనుమతిలేని మార్గమున తాకుచుండుటచేత ఆ మార్పులు చేరగానే యంత్రము నీలితెరతో ఆగిపోవు ప్రమాదము కనబడినది. అందుచేత, "నేను సరిపడుదును" అని రిజిస్ట్రీలో ఒక గుర్తు పెట్టిన యాంటీవైరస్ ఉన్న యంత్రములకే మార్పులు పంపుటకు నిర్ణయించిరి. మంచిదే. మరి ఏ యాంటీవైరసును లేని యంత్రము మాటయేమి? దానిలో గుర్తు పెట్టువారు లేరు. గుర్తు లేదు గనుక మార్పులు లేవు. అసలే రక్షణ లేని యంత్రము ఉన్న మార్పులను కూడ పోగొట్టుకొనినది! విండోస్ 10 లో డిఫెండర్ ఆ గుర్తును తానే పెట్టుట వలన అక్కడ చిక్కు తక్కువ. విండోస్ 7 వారిలో యాంటీవైరస్ లేనివారు గుర్తును తమ చేతితో తాము పెట్టుకొనవలసి వచ్చినది. కొన్ని నెలలకు ఈ నిబంధనను సడలించిరి. 'సరిపడని సాధనము ఉన్నది' అనుటకును 'ఏ సాధనమును లేదు' అనుటకును భేదము తెలియని పరీక్ష ఇది. లెక్కలలో సున్నకును 'తెలియదు' అనుటకును భేదము చూపని విద్యార్థికి మనము మార్కులు వేయుదుమా?

నేను కోరునది ఇంతే. పరీక్షా సాఫ్టువేరు రక్షణ సాధనము చెప్పుకొను మాటను వినవచ్చును గాని దానిని మాటగానే వ్రాయవలెను. దాని ప్రక్కన తాను స్వయముగా చూచిన దానిని వేరుగా వ్రాయవలెను: ఏ ప్రోగ్రాములోనికి ఏ ఫైలు ఎక్కినది, ఆ ఫైలు మీద ఎవరి డిజిటల్ సంతకము ఉన్నది, ఏ ప్రోగ్రామునకు ఏ నియమము విధింపబడినది. ఈ రెండు పంక్తులును ఒకదానితో ఒకటి సరిపోలనిచో, అచ్చటనే వైద్యుడు ఆగి చూచును. పేరు తెలియని సాధనమైనను ఈ పద్ధతిలో దాగలేదు. తీర్పు చెప్పుట మాత్రము సాఫ్టువేరు నెత్తిన వేసికొనరాదు. ఆ విషయమున హైజాక్‌దిస్ పాత మర్యాదయే మేలు.

ఎమెట్ ఇప్పుడు లేదు. 2016 నవంబరులో మైక్రోసాఫ్ట్ దానికి ముగింపు ప్రకటించినది. విండోస్ 10 లోనే రక్షణ చాలినంత ఉన్నదని వారి మాట. అదే నెలలో అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయమునకు చెందిన సర్ట్ కేంద్రము దీనిని ఖండించి, తమంతట తాము రక్షణను కోరుకొనని ప్రోగ్రాములకు ఎమెట్ ఇచ్చు కాపులను విండోస్ 10 ఇయ్యలేదని చూపినది. 2017 అక్టోబరులో వచ్చిన విండోస్ 10 రూపములో ఆ కాపులలో అనేకమును 'ఎక్స్‌ప్లాయిట్ ప్రొటెక్షన్' అను పేరుతో విండోస్‌లోనే చేర్చిరి. ఎమెట్‌కు 2018 జులై 31తో తోడ్పాటు ఆగిపోయినది.

ఎమెట్ పోయినందున మన విమర్శకు పని తీరిపోయినదని అనుకొనరాదు. చిక్కు ఇంకను లోతునకు దిగినది. ఒకప్పుడు ప్రోగ్రాముల జాబితాలో ఎమెట్ అను పేరైనను ఉండెను. ఇప్పుడు అదే కాపు విండోస్ అంతర్భాగము. వేరుగా పేరు లేదు, వేరుగా ఫైలు పెట్టె లేదు. ఎవరో ఒక ప్రోగ్రామునకు ఒక నియమము విధించి మరచినచో, అది మూతపడుటకు కారణము ఏ సామాన్య పట్టికలోను కనబడదు.

విద్యార్థులు దీనిని తామే పరీక్షించి చూడవచ్చును. విండోస్ 10 గాని 11 గాని ఉన్న కంప్యూటరులో 'విండోస్ సెక్యూరిటీ' తెరచి, 'యాప్ అండ్ బ్రౌజర్ కంట్రోల్' అను భాగమున అడుగున ఉన్న 'ఎక్స్‌ప్లాయిట్ ప్రొటెక్షన్' అమరికలలోనికి పోవలెను. అక్కడ రెండు విభాగములుండును: యంత్రమునకంతటికి వర్తించునవి, ఒక్కొక్క ప్రోగ్రామునకు వర్తించునవి. రెండవ దానిలో ఏయే ప్రోగ్రాముల పేర్లున్నవో, ఒక్కొక్కదానికి ఎన్ని అమరికలు మార్పబడినవో వ్రాసికొనవలెను. ఏదియు మార్చరాదు, మార్చినచో ప్రయోగశాల సహాయకుని కోపమునకు నేను బాధ్యుడను కాను. తరువాత తమకు అందుబాటులో ఉన్న పరీక్షా సాఫ్టువేరు ఏదైన ఒకదానిని అదే యంత్రముపై నడిపి, తాము వ్రాసికొనిన పేర్లలో ఎన్ని ఆ పట్టికలో కనబడినవో సరిచూడవలెను. మా కళాశాలలో కిందటి పాఠ్యకాలమున ముప్పదిమంది విద్యార్థులచేత ఈ పని చేయించితిని. వారు నడిపిన పట్టికలలో ఒక్కదానిలోను ఒక్క పేరైనను కనబడలేదు.